నెమలి మీద నల్ల చుక్కలు

పోయిన వారం విన్నీ క్రైడర్‌ని ఒక పళ్ల డాక్టరు గుమ్మం ముందు, వానలో, తలుపు కొట్టాలా వద్దా అని ఊగిసలాడుతుండగా వదిలేసి వచ్చేశాం. పాపం, వారమంతా అక్కడే తడుస్తూ నిలబడి ఉంటుంది. ఆమె భుజానికున్న సంచిలో చిన్న డబ్బా, ఆ డబ్బాలో 1797 నాటి వెండి అర డాలరు ఉన్నాయి. ముప్పై ఏళ్ల కిందట తన తండ్రి అమోస్ క్రైడర్ బీరువాలోంచి మాయమైన నాణెం అదేనని ఆమె నమ్మకం. మొన్న నాణేల సంతలో హావర్‌స్టిక్ అనే వర్తకుడి బల్ల మీద కనబడింది. తెలిసిన మనిషి కనక, ఇంటికి తీసుకెళ్లి చూసుకుని చెప్పమని నమ్మకం మీద ఇచ్చాడు.

దొంగ ఎవరన్నది వాళ్ల ఊరు లాంకాస్టర్‌లో నాణేలు దాచుకునే ప్రతివాడికీ తెలుసు. అమోస్ ప్రాణస్నేహితుడు, పళ్ల డాక్టరు లైనస్ ఎబర్లీ. పోలీసులు ఏమీ తేల్చలేకపోయారు గానీ వాళ్ల నాణేల క్లబ్బు ఒక్క సాయంత్రంలో తేల్చేసి ఆయన్ని వెళ్లగొట్టింది. రేపు శనివారం ఆ క్లబ్బు విందు. పోయినేడు కన్నుమూసిన అమోస్ పేరు పెట్టి ఒక అద్దాల బీరువా తెరుస్తారు, కూతురిగా విన్నీ నాలుగు ముక్కలు మాట్లాడాలి. ఆ నాలుగు ముక్కల్లో దొంగ పేరు కూడా చెప్పాలని ఆమె ఉద్దేశం. కాకపోతే అంతకుముందు ఆ మనిషి చేతే ఒప్పించాలన్న పంతం ఒకటి పట్టుకుంది. నిద్ర లేదు, తిండి లేదు. అమ్మతో మాత్రం బజారుకెళ్తున్నానని చెప్పి బయల్దేరింది.

ఆమె చెయ్యి ఎత్తేలోపే తలుపు తెరుచుకుంది.

“కొట్టవేం?” అన్నాడు లోపలి మనిషి. “ఇందాకట్నుంచి కిటికీలోంచి చూస్తున్నా. నువ్వు తలుపు కొట్టేలోపు నా ఆయుష్షు తీరిపోయేట్టుందని నేనే తీశా.”

డెబ్భై దాటిన లైనస్ ఎబర్లీ వెదురుబద్దలా ఉన్నాడు. స్వెట్టరు గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. విన్నీ దారంతా వల్లెవేసుకున్న మొదటి వాక్యం ఆ గుండీలు చూసేసరికి మర్చిపోయింది.

“మిస్టర్ ఎబర్లీ, నేను...”

“అమోస్ కూతురివి. ఆ పళ్లవరస నా చేతుల్లో పెరిగింది, గుర్తుపట్టనా? ఏదీ, నోరు తెరు.”

“నా నోరు చూపించుకోడానికి రాలేదు.”

“చాలామంది అలాగే అంటారు. లోపలికి రా, గొడుగు అక్కడ పడెయ్.”

ఒకప్పుడు రోగుల్ని చూసిన ముందుగదే ఇప్పుడు ఆయన లోకం. పళ్లు పీకే కుర్చీ కిటికీ పక్కన అలాగే ఉంది, అందులో బూడిదరంగు పిల్లి ఒకటి ముడుచుకుని పడుకుంది. కుర్చీ మీదకి వంగే దీపాన్ని ఊడదీసి బల్లకి బిగించుకున్నాడు. గోడవార గదిని వెచ్చబెట్టే ఆవిరి గొట్టం టంగు టంగుమని కొట్టుకుంటోంది. కూర్చోమంటే విన్నీ కూర్చోలేదు. కిటికీ దగ్గరికి వెళ్లింది, బల్ల దగ్గరికి వచ్చింది, గోడమీది పటం చూసినట్టు నటించి మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది.

“కాలుగాలిన పిల్లిలా తిరక్కమ్మాయ్, అసలు పిల్లికి నిద్ర పాడవుతోంది. బెల్లపుపాకంతో చేసిన షూఫ్లై పై ఉంది, ముక్క పెట్టనా?”

“మీ ఇంట్లో నేనేమీ తినను.”

“మంచిది. నిన్నటిది, గట్టిపడింది కూడా.”

ఈ మనిషి సిగ్గుతో కుంచించుకుపోతాడనుకుంది విన్నీ. లేకపోతే కోప్పడతాడనుకుంది, దానికీ సిద్ధపడి వచ్చింది. ఇలా నిన్నటి షూఫ్లై పై గురించి మాట్లాడతాడని అనుకోలేదు. ఒళ్లు మండింది. సంచిలోంచి డబ్బా తీసి టక్కున బల్ల మీద పెట్టింది.

లైనస్ సొరుగు లాగి రెండు గుడ్డ మాస్కులు తీశాడు. ఒకటి తను కట్టుకుని, ఒకటి ఆమెకిచ్చాడు.

నాణేలు దాచుకునేవాళ్లలో ఒక మర్యాద ఉంది. నాణెం డబ్బాలోంచి బయటికి వచ్చాక దాని మీదకి వంగి ఎవరూ నోరు విప్పరు. చెప్పాల్సిందేమైనా ఉంటే మొహం పక్కకి తిప్పి గోడకి చెప్పినట్టు చెబుతారు. కంటికి ఆననంత నోటి తుంపర పడితే చాలు. ఆ రోజుకి ఏమీ కనబడదు, కొన్ని నెలలు పోయాక ఆ చోట నల్లచుక్క లేస్తుంది, ఇక అది చచ్చినా పోదు. నెలకోసారి అమోస్ భోజనాల గదిలో క్లబ్బు కూడినప్పుడు పెద్దమనుషులంతా అలిగిన పెళ్లికొడుకుల్లా తలో పక్కకీ తిరిగి మాట్లాడుకుంటుంటే చిన్నారి విన్నీకి నవ్వాగేది కాదు. లైనస్ ఒక్కడే ఆస్పత్రి మాస్కు కట్టుకుని వచ్చి, నాణెం మీదకి వంగి మరీ, హాయిగా కబుర్లు చెప్పేవాడు.

విన్నీ మాస్కు కట్టుకోలేదు. సంచిలోంచి మూడు కాళ్ల పట్టకారు తీసి, నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని మెత్తటి గుడ్డ మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసింది.

నాణెం తెల్లగా మెరిసింది. నూట ఎనభై ఏళ్లు దాటినా ఒక్కసారి కూడా ఖర్చుకి వాడని నాణెం అది. స్వేచ్ఛాదేవత లిబర్టీ బొమ్మ జుట్టులో వెంట్రుకలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. వెనకవైపు గద్ద రొమ్ము మీద ఈకలు కూడా అరగలేదు. అయినా విన్నీ చూపు తిప్పుకుంది, మొన్న సంతలోనూ అంతే. ఎందుకంటే ఆమె ఎరిగిన నాణెం తెలుపు కాదు. తరాల తరబడి కాగితం పొట్లంలో ఉండి, అంచుల దగ్గర నీలంగా, లోపలికి ఊదాగా, మధ్యలో తేనెరంగుగా తేరిన నాణెం అది. క్లబ్బంతా దాన్ని నెమలి అని పిలిచేది. అంత రంగు తేరడానికి వందేళ్లు పడుతుంది. మందునీళ్లలో ముంచితే పోవడానికి ఒక్క క్షణం చాలు. దాచుకునేవాళ్ల లెక్కలో నాణేన్ని కడగడం కన్నా పెద్ద తప్పు లేదు.

లైనస్ దీపం కింద నాణేన్ని చూశాడు. మాస్కు ఊపిరికి లోపలికీ బయటికీ ఆడింది.

“ఎవడే ఈ పని చేసింది?” అన్నాడు చివరికి.

“మీరు చెబుతారనే వచ్చా.” విన్నీ గోడవైపు తిరిగి అంది. ఇంత కోపంలోనూ మెడ దానంతటదే తిరిగింది, అలవాటు అలాంటిది. “రంగు చూసే కదా అందరూ దాన్ని గుర్తుపట్టేది? రంగు తీసేస్తే ఎవరికీ తెలీదని కడిగేశారు. హావర్‌స్టిక్‌కి తెలీలేదు, సంతలో అంతమంది చూశారు, ఎవరికీ తెలీలేదు. కానీ మెడ కింద గుడ్డ మడతల మీద చూడండి. ఏడు గీతలున్నాయి. ఆరోది మధ్యలో తెగుతుంది.”

టంకశాలలో వెండిబిళ్ల బరువెక్కువైతే ముద్ర కొట్టకముందే ఆకురాయితో గీకి తగ్గించేవారు. ఆ గీకుళ్లు నాణెం మీద ఉండిపోతాయి. ఏ రెండు నాణేల మీదా ఒకలా ఉండవు.

“రంగు కడగొచ్చు గానీ గీతలు కడగలేరుగా మిస్టర్ ఎబర్లీ?”

లైనస్ భూతద్దం కంటికి బిగించుకున్నాడు. లెక్కపెట్టుకున్నట్టు గడ్డం కదిలింది.

“ఒప్పుకుంటున్నా,” అన్నాడు.

విన్నీ గిరుక్కున ఇటు తిరిగింది. “దొంగతనమా?”

“కాదు. ఇది నెమలేనని.” భూతద్దం తీసి ఆమెవైపు చూశాడు. “దొంగతనం మీ నాన్న నాకు కట్టబెట్టాడు గానీ నేనెప్పుడూ పుచ్చుకోలేదు. ఆ తర్వాత ఏమైందో ఎప్పుడైనా అడిగావా? దొంగ చేతులు నోట్లో పెట్టించుకునేవాడు ఈ ఊళ్లో ఎవడుంటాడు? కుర్చీ ఖాళీ అయిపోయింది. యార్క్ జైలుకెళ్లి ఖైదీల పళ్లు పీకేవాణ్ణి. వాళ్లకి అభ్యంతరం లేకపోయింది, మనవాడే అనుకున్నారు.” ఆయన నవ్వబోయాడు, రాలేదు. “నా భార్య గ్రేటా చర్చికి వెళ్లడం మానేసింది. ఆవిడకి పాడటం ఇష్టం. అది మాత్రం నేను క్షమించలేదు.”

విన్నీ ఏదో అనబోయింది. లైనస్ అప్పటికే బల్ల మీద పట్టకారు వైపు చూస్తున్నాడు.

“ఇది ఇంకా వాడుతున్నావా!”

“నాన్నది.”

“నేను చేసిచ్చిందే. మీ నాన్న నలభయ్యో పుట్టినరోజుకి. పంటి సామానుతో చేసి, కాళ్లకి రబ్బరు తొడిగా, నాణేనికి గీరుకోకుండా.” పట్టకారు చేతిలోకి తీసుకుని కాళ్లు విప్పి చూశాడు. “ఒక కాలు వంకర.”

“తెలుసు. నాన్న కింద పడేసి బూటుకాలితో తొక్కాడు.”

“నన్ను బాగుచెయ్యమన్నాడు. మీ ఇంట్లోనే కూర్చుని చూశా, నా వల్ల కాలేదు.” ఆయన దీపాన్ని దగ్గరికి లాగాడు. “విన్నీ, ఇటు రా. నాణేన్ని అంచువైపు నుంచి చూడు. మెల్లగా తిప్పు. ఏం కనబడుతోంది?”

ఆమెకి చూడాలని లేదు. అయినా చూసింది. తెల్లటి అంచు మీద ఒకచోట ఆవగింజంత నీలం మిగిలి ఉంది. ఇంకొంచెం తిప్పితే మరొకటి. ఇంకా తిప్పితే మూడోది, కానీ సమాన దూరంలో కాదు, ఒక పక్కకి జరిగి.

“ఇప్పుడు పట్టకారుతో పట్టుకో,” అన్నాడు లైనస్.

రబ్బరు తొడిగిన మూడు కాళ్లూ ఆ మూడు నీలపు మచ్చల మీద తిన్నగా వాలాయి. వంకరకాలు పక్కకి జరిగిన మచ్చ మీద కూర్చుంది. ఇలాంటి పట్టకారు లోకంలో ఇంకొకటి ఉన్నా, అలా వంగిన కాలు దానికి ఉండదు. అమోస్ బూటు కింద అది విరిగినంత పని అయినప్పుడు విన్నీ అక్కడే ఉంది. నాన్న ఉన్నన్నాళ్లూ ఇల్లు దాటి అది ఎప్పుడూ పోలేదని కూడా ఆమెకి తెలుసు.

“దీంతో పట్టుకుని మందులో ముంచారు,” లైనస్ నెమ్మదిగా అన్నాడు. “రబ్బరు ఆనుకున్న చోట మందు తగల్లేదు.”

“కాదు,” అంది విన్నీ మొహం పక్కకి తిప్పి. “నాన్న కడగడు. కడిగిన నాణెం చూస్తే నాన్నకి కంపరం.”

“అందుకేగా నోరెత్తలేకపోయాడు! పాపం హార్వే ఫ్రైని మర్చిపోయావా? పళ్లపొడి పెట్టి ఒక పది సెంట్ల డైమ్‌ని తోమాడు, అంతే. అప్పట్నుంచి చచ్చేదాకా వాణ్ణి క్లబ్బులో అంతా పళ్లపొడి అనే పిలిచారు. ఆ పేరు పెట్టిందెవరు? మీ నాన్న. ప్రతి విందులోనూ ఆ కథ చెప్పి నవ్వించేవాడు, నేనూ నవ్వా. అలాంటివాడు నెమలిని కడిగి పాడుచేశానని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? నాణెం పోయిందంటే అందరూ జాలిపడతారు, కడిగేశానంటే నవ్వుతారు. పోయిందన్నాక, ఎవరు తీశారని అడుగుతారు కదా. అంతకుముందు నెల నెమలి ఉండే బీరువా అర దగ్గర చివరిగా కూర్చున్నది నేను.”

ఆవిరి గొట్టం మళ్లీ టంగుమంది. పిల్లి లేచి, ఒళ్లు విరుచుకుని, ఇంకోవైపు తిరిగి పడుకుంది. విన్నీకి తండ్రి మీద ప్రాణం. ఆ నాణెం పోయాక నెలల తరబడి భోజనాల గదిలో దీపం వెయ్యకుండా కూర్చున్న మనిషిని ఆమె చూసింది. స్నేహితుడు చేసిన ద్రోహానికి కుమిలిపోతున్నాడని అప్పుడు అమ్మ చెప్పింది. ఇప్పుడు అదే మనిషిని గుర్తు చేసుకుంటే ఇంకోలా కనబడుతున్నాడు. అది ఆమె భరించలేకపోయింది.

“కడగాల్సిన ఖర్మ ఏమిటి?” గొంతు లేచింది. “వందేళ్ల రంగు! రోజూ తీసి చూసుకుని మురిసిపోయేవాడు. మతిపోయిందా కడగడానికి?”

లైనస్ భూతద్దాన్ని బల్ల మీద ఆమెవైపు నెట్టాడు. “గడ్డం ముందు చూడు.”

లిబర్టీ గడ్డానికీ అంచున చెక్కిన నక్షత్రాలకీ మధ్య ఖాళీలో నల్లటి చుక్కలున్నాయి. సంతలోనే చూసింది, కడిగినప్పుడు పడ్డ మచ్చలనుకుంది. ఇప్పుడు భూతద్దంలో అవి జల్లినట్టు, కిందనుంచి పైకి చెదిరినట్టు కనబడ్డాయి.

“అవి ముందు లేచాయి,” అన్నాడు లైనస్. “వాటిని పోగొడదామని మందులో ముంచాడు. రంగు పోయింది గానీ చుక్కలు పోలేదు. ఎవరో ఈ నాణెం మీద మాట్లాడారు.”

“మా ఇంట్లో ఎవరు మాట్లాడతారు? అందరికీ తెలుసుగా...”

ఆమె ఆగిపోయింది.

లైనస్ కిటికీ వైపు చూస్తున్నాడు. ఆయన చెప్పదల్చుకోలేదని, చెప్పకుండా ఉండలేకపోతున్నాడని ఆ వంగిన మెడ చూస్తేనే తెలుస్తోంది.

“చెప్పండి,” అంది విన్నీ.

“నీకప్పుడు ముందుపళ్లు రెండూ ఊడాయి. రెండోది నేనే తీశా, ఈ కుర్చీలోనే. నొప్పి తెలీకుండా ఏదైనా కబురు చెప్పవే అంటే, నెమలి మీద ఎన్ని గీతలున్నాయో తనకొక్కదానికే తెలుసంది ఓ పిల్ల. ఎలా లెక్కపెట్టావే అన్నా. వాళ్ల నాన్న ఫోనులో మాట్లాడుతుంటే అర లాగి, దగ్గరగా పట్టుకుని, పైకి లెక్కపెట్టిందట. ఎలాగో చేసి కూడా చూపించింది. ఒకటి, రెండు, మూడు...” ఆయన తన మాస్కు మీద వేలు పెట్టి చూపించాడు. “ఆ పళ్ల సందులోంచి నా మాస్కంతా తుంపరే. నేను నవ్వాను, విన్నీ. అంతటితో మర్చిపోయా. ఇదిగో, ఇందాక ఆ చుక్కలు చూసేదాకా గుర్తురాలేదు.”

విన్నీ అప్పుడు కూర్చుంది. పిల్లిని జరపాలని కూడా తోచక, పళ్లు పీకే కుర్చీ అంచునే కూలబడింది. నాలుక తనకి తెలియకుండానే ముందుపళ్ల మీదకి వెళ్లింది. అన్నీ గుర్తొచ్చాయి. గుడ్డ పరిచిన అర, చల్లటి వెండి, హాల్లో నాన్న గొంతు, ఏడు అని పూర్తిచేసినప్పటి గర్వం. తుంపర పడ్డప్పుడు ఏమీ కనబడలేదు. నెలలు గడిచాక చుక్కలు లేచి ఉంటాయి. ఆ గీతలు లెక్కపెట్టడం వచ్చు కనకే కదా, నాణేన్ని గుర్తుపట్టి దొంగని పట్టేశానని రాత్రంతా పొంగిపోయింది! సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. రేపు ఈ మనిషి పేరే అంతమంది ముందు చదవబోయింది.

“నాన్నకి తెలుసా? నేనేనని?”

“నాకేం తెలుసు? తెలిసి ఉంటే నిన్ను ఒక్క మాట అన్నాడా?”

“లేదు.”

“మరి, అది కూడా ఆలోచించు.” లైనస్ నిట్టూర్చాడు. “పిల్లదాన్ని కాపాడుకోవాలనుకున్నాడో, తన పరువు కాపాడుకోవాలనుకున్నాడో. పోయిన మనిషిని ఎక్కడని అడుగుతాం?”

“లైనస్ అంకుల్...” చిన్నప్పటి పిలుపు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. క్షమించమనడం మరీ చిన్నమాట అనిపించి అక్కడే ఆపేసింది.

ఆయన పట్టకారుతో నాణేన్ని ఎత్తాడు. దీపం కింద అటూ ఇటూ వాల్చి, ఆఖరిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు. తర్వాత రెండో చేత్తో మాస్కుని గడ్డం కిందికి లాగేశాడు. జీవితమంతా ఏ నాణెం మీదా ఒట్టినోటితో ఊపిరైనా వదలని మనిషి నెమలిని పెదాల దగ్గరికి తెచ్చుకున్నాడు. “నేను దొంగని కాదు,” అన్నాడు దాని మొహం మీదే, గట్టిగా, ప్రతి అక్షరం ఒత్తి పలుకుతూ.

తెల్లటి వెండి మీద చిన్న తడి మెరిసింది. తుడవడానికి విన్నీ చెయ్యి జేబురుమాలు దాకా వెళ్లి ఆగిపోయింది. ఆయన తుడవలేదు, ఆమె కూడా తుడవలేదు.

“కొన్నాళ్లకి అక్కడో చుక్క లేస్తుంది,” లైనస్ నాణేన్ని డబ్బాలో పెట్టి మూత వేస్తూ అన్నాడు. “అది నాది. రేపు విందుకి నేనూ వస్తున్నా. నాకో కుర్చీ వేయించు. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అన్నది నీ ఇష్టం. బీరువా మీద మీ నాన్న పేరు అంటించేలోపు మాత్రం తేల్చుకో.”

ఇంటికి ఎలా వచ్చిందో విన్నీకి తెలియదు. దారిలో రెండుసార్లు ఎర్రదీపం దగ్గర ఆగాలని మర్చిపోయి హారన్లు మోగించుకుంది. చెబితే నాన్న మర్యాద మట్టిపాలవుతుంది. చెప్పకపోతే ఆ ముసలాయన రేపు అంతమంది మధ్యలో లేచి నిలబడతాడు, ఆయన మాట ఎవరు నమ్ముతారు? మళ్లీ దొంగ అంటారు, ఈసారి తన కళ్లముందే అంటారు. కారు దిగి, డబ్బాని సంచి అడుగుకి తోసి, దాని మీద చేతిరుమాలు కప్పి వంటింటి గుమ్మంలోంచి లోపలికి వెళ్లింది.

తల్లి అడలైన్ బల్ల దగ్గర కూర్చుని బీన్స్ గింజలు ఒలుస్తోంది. డెబ్భై ఏళ్ల ఆవిడ వేళ్లు కాయ చూడకుండానే పని చేసుకుపోతున్నాయి. పొయ్యి మీద కోడిపులుసు ఉడుకుతోంది.

“బజారులో ఏమీ దొరకలేదా?” అంది తల ఎత్తకుండా. “ఉత్తచేతుల్తో వచ్చావు.”

“వాన అమ్మా. సగం కొట్లు మూసేశారు.”

“అవును, వానే.” రెండు గింజలు గిన్నెలో పడ్డాయి. “గ్రేటా పోయాక లైనస్ ఒక్కడే ఉంటున్నాడటగా. తిండీ అదీ సరిగ్గా తింటున్నాడా?”

విన్నీ కోటు విప్పబోతున్న చేతులు మధ్యలో ఆగిపోయాయి. లైనస్ ఇంటికి వెళ్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. నాణెం దొరికినట్టు అసలే చెప్పలేదు.

అడలైన్ ఒళ్లో పొట్టు దులుపుకుంది. అప్పుడు తల ఎత్తి, కూతురి మొహం కాదు, ఆమె భుజానికున్న సంచి వైపు చూసింది.

“ఆ నల్ల చుక్కలు ఇంకా పెరిగాయా విన్నీ? నేను అమ్మేసేనాటికి గడ్డం దగ్గరే ఉన్నాయి.”